ఏడు మెడపూసలు

ధూమద్వీపం సముద్రం నడుమ నల్లరాతి కుండ బోర్లించినట్టు ఉంటుంది. దాని నెత్తిన ధూమకర్ణుడనే మాంత్రికుడి కోట. గోడల నిండా ముత్యపు చిప్పలు పొదిగారు. బురుజులకు పగడపు తీగలు చుట్టారు. పొద్దు పొడిచేటప్పుడు ఆ కోట ఏడు రంగుల్లో మెరుస్తుంది. దూరాన పడవల్లో పోయేవాళ్ళు అది దేవతల ఇల్లనుకుని దండం పెడతారు. దగ్గరికి వచ్చినవాళ్ళకు వాసన తెలుస్తుంది. మూడు వేల జంతువుల పేడ వాసన.

వైశాఖంలో ఒక ఉదయం ఆ కోట గుమ్మం ముందు పట్టుబట్టల మనిషి ఒకడు నిలబడ్డాడు. తలపాగాలో నెమలి ఈక ఉంది. తాను మకరపురి యువరాజుననీ, తన పేరు చండకేతు అనీ చెప్పాడు. రెండూ అబద్ధాలే. అతని పేరు మైలారు. సువర్ణరేవులో ఎముకల పనివాడు. చచ్చిన గొడ్ల ఎముకలు ఉడకబెట్టి, రంపంతో కోసి దువ్వెనలు చేస్తాడు. పట్టుబట్టలు చాకలిని బతిమాలి తెచ్చుకున్నాడు. ఈక మాత్రం సొంతమే.

నాలుగు నెలల కిందట అతని భార్య చెంగమ్మ అంతఃపురానికి దువ్వెనలు అమ్మబోయింది. రాకుమారి లలితాంగిని ఎత్తుకుపోవడానికి ధూమకర్ణుడు వస్తున్నాడని ఆ రోజే కబురు వచ్చింది. రాజు మహీధరసేనుడు కూతుర్ని నేలమాళిగలో దాచాడు. ఆమె చీర చెంగమ్మకు కట్టించి, ముఖాన మేలిముసుగు వేయించి, మేడ మీద నిలబెట్టాడు. మాంత్రికుడు రాబందు మీద వచ్చి చెంగమ్మను పట్టుకుపోయాడు. రాజు మూడు రోజులు అందరి ముందూ ఏడ్చాడు. మైలారు వెళ్ళి అడిగితే, "పోయిందానికోసం ఏడవకు, ఇంకో పెళ్ళి చేయిస్తాం" అన్నాడు. మైలారు ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోవలసిన మాటా కాదు.

ధూమకర్ణుడు గుమ్మం దగ్గరికి వచ్చాడు. పొగరంగు గడ్డం మోకాళ్ళ దాకా ఉంది. చెవులకు పులిగోళ్ళు, నడుముకు ఒక రాగిచెంబు వేలాడుతున్నాయి. చెంబులో మంత్రజలం.

"పొగలో చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యి. చెప్పిన పేరు అబద్ధమైతే నీ ఒళ్ళు నాది" అన్నాడు.

గుమ్మం పక్క గుంటలోంచి పొగ లేస్తోంది. మైలారు అందులో చెయ్యి పెట్టి అబద్ధపు ప్రమాణం చేశాడు. ఇంకో దారి లేదు. రాజబిడ్డలకు తప్ప ధూమకర్ణుడు ఆ గుమ్మం ఎవరికీ తెరవడు. మాంత్రికుడికి కావలసింది యువరాజులు. రాకుమారి ఎర మాత్రమే.

"రాకుమారిని జంతువును చేసి నా మూడు శాలల్లో ఒకదాంట్లో ఉంచాను. పొద్దు గుంకేలోగా పట్టి తెస్తే నీది. తేలేకపోతే నువ్వూ ఆ శాలల్లోనే ఉంటావు. నీకు ముందు పదకొండు మంది వచ్చారు."

"వాళ్ళు ఎక్కడ?"

"లోపలే ఉన్నారు. కనబడితే అడుగు" అని నవ్వి వెళ్ళిపోయాడు.

కోట వెనకాల జంతువులకు మేత వేసే నూకవ్వ గంపతో ఎదురొచ్చింది. నలభై ఏళ్ళుగా ఆమెది అదే పని. కళ్ళకు పొర కమ్మి చూపు సరిగా ఆనదు.

"పన్నెండోవాడివా నాయనా? గొంతు బాగుంది. పాపం" అంది.

"శాలలు ఎలా సర్దారు అవ్వా?"

"అందులో ఏముంది? నేల మీద తిరిగేవన్నీ నేలశాల. నీళ్ళలో ఉండేవన్నీ నీటిశాల. ఎగిరేవన్నీ ఆకాశశాల. దొర పెట్టిన కట్టడి."

"మనుషుల్ని మార్చేటప్పుడు నువ్వు చూశావా?"

"చూడ్డానికి ఏముంటుంది, పొగ తప్ప? ఈయన పాము అంటాడు, హంస అంటాడు. ఆ మాట అనేసి వెనక్కి చూడకుండా పోతాడు. పొగ దిగాక బుట్టలో పడినదాన్ని నేను తడిమి చూస్తాను. రెక్క తగిలితే ఆకాశశాల. కాళ్ళు తగిలితే నేలశాల. నీళ్ళలోకి ఇంతవరకూ ఎవర్నీ మార్చలేదు."

"పాము అన్నప్పుడు కూడా కాళ్ళు తగిలాయా?"

నూకవ్వ గంప కింద పెట్టింది. "తగిలాయి. పెద్దవాళ్ళ మాట మనకెందుకని ఊరుకున్నాను. అది మొన్న చచ్చింది. అదిగో ఆ చెత్తగుంటలో పడేశాను."

మైలారు గుంటలోకి దిగాడు. చీమలు శుభ్రం చేసిన చిన్న ఎముకల గూడు దొరికింది. దేవాంగపిల్లిది, కోతి జాతి చిన్న జంతువు. పెద్ద గుండ్రటి కంటిగుంటలు, సన్నటి చేతులు, తోక లేదు. కళ్ళు మూసుకుని మెడపూసలు తడిమాడు. అతని కులవృత్తిలో అది మొదటి పాఠం. ఏ కళేబరాన్నయినా కోసేముందు కళ్ళు మూసుకుని మెడపూసలు లెక్కపెట్టాలి. ఏడు. చేతివేళ్ళు ఐదు, కాలివేళ్ళు ఐదు. ఒక వేలెముకకు ఆవగింజంత బంగారు ఉంగరం ఉంది. దాని మీద రాజముద్ర ఉంది.

అతనికి సంగతి తెలిసిపోయింది. ఈ మాంత్రికుడి మంత్రం ఎముకను సాగదీయగలదు, కుదించగలదు, అతికించగలదు. లేనిదాన్ని పుట్టించలేదు, ఉన్నదాన్ని మాయం చేయలేదు. పాము కావాలంటే రెండు వందల పక్కటెముకలు కావాలి. మనిషి దగ్గర అన్ని లేవు. అందుకని ఆ యువరాజు తనకు కుదిరిన ఒంట్లోకి పోయాడు. అది చూడడానికి ధూమకర్ణుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చదువు ఎక్కువైనవాడు బుట్ట కడగడు.

ముందు నేలశాలకు వెళ్ళాడు. ఏనుగు పక్కన జెర్రి, దాని పక్కన ఒంటె, ఒంటె కాళ్ళ కింద తేళ్ళు, తాబేళ్ళు, వానపాములు. నడిచేవీ పాకేవీ అని ఒకచోట తోశారు. మైలారుకు ఒళ్ళు మండింది. తన పాకలో ఎముకలు ఇలా కలిపేస్తే తండ్రి చెయ్యి విరగ్గొట్టేవాడు. ఎక్కడ బతుకుతుందని కాదు, ఎలా కట్టబడిందని చూడాలి.

వానపాముకు ఎముకే లేదు, ఉంగరాల మీద ఉంగరాలు పేర్చిన గొట్టం. తేలుకు ఎనిమిది కాళ్ళు, జెర్రికి ముక్కముక్కకూ ఒక జత. వాటి గట్టిదనమంతా పైన పెంకులోనే ఉంది, లోపల మెత్తన. వాటిని దాటేశాడు. తాబేలుకు వెన్నెముక ఉంది కానీ పక్కటెముకలు డిప్పకు అతుక్కుపోయాయి, మెడపూసలు ఎనిమిది. దాన్నీ దాటేశాడు. మిగిలినవి పాలిచ్చేవి. వీటికి మెడపూసలు ఏడే. ఒంటె మెడ తాడిచెట్టంత ఉన్నా ఏడే, ఎలుక మెడ అసలు కనిపించకపోయినా ఏడే. గుర్రానికి కాలికి ఒక్క వేలు, బర్రెకు రెండు, ఖడ్గమృగానికి మూడు. అవి మనిషికి సరిపోవు. కోతికి వేళ్ళు ఐదున్నా తోక ఉంది. ఎలుగుకు వేళ్ళు సరిపోయినా పొట్టి తోక ఉంది. మనిషికి తోక లేదు.

దేవాంగపిల్లులు ఆరున్నాయి. ఒక్కొక్కదాని ఎడమచెయ్యి పట్టుకుని చూశాడు. చెంగమ్మకు ఎడమచేతి ఉంగరపు వేలు కొస లేదు. పెళ్ళయిన రెండో ఏట దువ్వెన రంపం తినేసింది. ఈ ఆరింటికీ వేళ్ళు నిండుగా ఉన్నాయి. ఒకటి అతని బొటనవేలు పట్టుకుని వదల్లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఏ దేశపు యువరాజో. మైలారు వేలు విడిపించుకున్నాడు. అతను వాళ్ళకోసం రాలేదు.

ఆకాశశాలకు దారి నీటిశాల మీదుగా ఉంది. అది అద్దాల లాంటి నీటిగుండాల సముదాయం. పచ్చలు కరగబోసినట్టున్న నీళ్ళలో ఐదు చేతుల నక్షత్రాలు పాకుతున్నాయి, వాటికి తలా లేదు, ముందూ వెనకా లేదు. గొడుగుల్లాంటి జిగురు జీవులు ముడుచుకుంటూ విచ్చుకుంటూ తేలుతున్నాయి. రాతి సందులోంచి ఎనిమిది చేతులది ఒకటి రంగు మార్చుకుంటూ చూసింది, దాని కాళ్ళన్నీ నోటి చుట్టూనే ఉన్నాయి. చేపలు వెండి నాణేల్లా తిరిగాయి. చేపకు మెడే లేదు. కప్పకు ఉన్నా ఒక్క పూసే. ఇక్కడ ఆగే పని లేదు.

గుండాల మధ్య సన్నటి గట్టు. సగం దాటాడో లేదో నీళ్ళు పగిలాయి. మొసలి అతని పంచె కొంగు పట్టి లాగింది. మైలారు గట్టు మీద వెల్లకిలా పడ్డాడు. కాళ్ళు నీళ్ళలోకి జారాయి. పంచె చిరిగింది. మొసలి గుడ్డ ముక్కను వదిలి మళ్ళీ నోరు తెరవబోయింది. అతను వెనక్కి పోలేదు, ముందుకు దూకి దాని ముట్టెను చంకలో బిగించాడు. మొసలి దవడకు మూసే బలమే తప్ప తెరిచే బలం లేదు. దాని పుర్రె ఒక్కసారి ఉడకబెట్టినవాడికి ఆ కండ ఎంత సన్నమో తెలుస్తుంది. తలపాగా విప్పి ముట్టె చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాడు. మొసలి తోకతో ఒక్కటి వేసింది. మైలారు అవతలి గట్టున పడ్డాడు. పక్కటెముక ఒకటి విరిగినట్టు తెలిసింది. లేచి నడిచాడు.

అప్పటికి పొద్దు పడమటికి వాలింది.

ఆకాశశాల బంగారు తీగలతో అల్లిన పెద్ద పంజరం. ఆరు కాళ్ళ సీతాకోకలూ తుమ్మెదలూ మేఘాల్లా లేచాయి. నెమళ్ళు, కొంగలు, హంసలు, చిలకలు గోల చేశాయి. పిట్టలన్నిటికీ మెడపూసలు ఎక్కువ. కోడికి పద్నాలుగు, హంసకు ఇరవైకి పైనే ఉంటాయి. మనిషిని పిట్టను చేయాలంటే ఆ మిగతా పూసలు ఎక్కడినుంచి తెస్తారు? ముందొచ్చిన యువరాజులు హంసల చుట్టూ తిరిగి, వాటి కళ్ళలోకి చూసి, పాటలు పాడి పోయుంటారు.

మైలారు తల ఎత్తాడు. పంజరం కప్పుకు నల్లటి గుడ్డపేలికల్లా గబ్బిలాలు వేలాడుతున్నాయి. పండ్లు తినే పెద్ద రకం. తోక లేదు. ఎగురుతుంది కాబట్టి పిట్టల్లో వేశారు. ఈక ఒక్కటీ లేదు, పిల్లకు పాలిస్తుంది, రెక్క అని చెప్పుకునేది రెక్క కాదు, చెయ్యి. గొడుగు కమ్ముల్లా సాగిన నాలుగు వేళ్ళు, వాటి మధ్య తోలు, పైన కొక్కెంలాంటి బొటనవేలు.

తీగలు పట్టుకుని పైకి ఎక్కాడు. రెండు వందల గబ్బిలాలు. ఒక చేత్తో తీగ పట్టుకుని, రెండో చేత్తో ఒక్కొక్కదాని ఎడమ రెక్క విప్పి, కళ్ళు మూసుకుని వేలివెంట తడిమాడు. కరిచాయి. మొహాన పోశాయి. యాభై చూశాడు. నూరు చూశాడు. పంజరం తీగల నీడలు నేల మీద పొడుగయ్యాయి. నూట అరవై మూడోది అన్నిటికన్నా గట్టిగా కరిచింది. దాని ఎడమ రెక్క ఒకచోట వదులుగా వేలాడుతోంది. ఉంగరపు వేలు కొస లేదు. తెగినచోట ఎముక నున్నగా మానింది.

మైలారు దాన్ని చొక్కాలో వేసుకుని దిగాడు.

ధూమకర్ణుడు సముద్రపు ఒడ్డున రాతిగద్దె మీద కూర్చుని పొద్దు చూస్తున్నాడు. నూకవ్వ బుట్ట పట్టుకుని పక్కన నిలబడింది. మైలారు గబ్బిలాన్ని రాతి మీద పెట్టాడు. మాంత్రికుడు గడ్డం ఊగేలా నవ్వాడు.

"నేను ఆ పిల్లను హంసను చేశానయ్యా. రాజహంసను. నువ్వు నాకు గబ్బిలాన్ని తెచ్చావు."

"హంస మెడలో ఎన్ని పూసలు స్వామీ?"

"అవి లెక్కపెట్టేవాడెవడు?"

"నేను. నీళ్ళు చల్లి చూడండి."

మాంత్రికుడు వేడుక కోసం చెంబు వంచాడు. "లలితాంగీ, లే" అన్నాడు. నీళ్ళు పడ్డాయి. గబ్బిలం రెక్క విదిలించింది. గబ్బిలం గబ్బిలంగానే ఉంది.

"అయిపోయింది. బుట్ట తే నూకమ్మా" అన్నాడు ధూమకర్ణుడు.

మైలారు ముందు రెండు దారులున్నాయి. నోరు మూసుకుంటే ఇద్దరూ జంతువులే. నిజం చెబితే ఆమె లేస్తుంది, అబద్ధపు ప్రమాణానికి తన ఒళ్ళు పోతుంది, రాజు మోసం బయటపడుతుంది. రాజు సంగతి రాజు చూసుకుంటాడు.

"ఆమె పేరు అది కాదు. చెంగమ్మ అని పిలవండి."

"చెంగమ్మ ఎవరు?"

"దువ్వెనలమ్ముకునే మనిషి. నా పెళ్ళాం. నా పేరు మైలారు. మహీధరసేనుడు కూతుర్ని దాచుకుని దీన్ని మీకు అంటగట్టాడు. నాలుగు నెలలుగా మీరు మేత వేస్తున్నది దీనికి."

మాంత్రికుడి ముఖం నల్లబడింది. తాను మోసపోయాడో లేదో తెలుసుకోకుండా ఉండలేని మనిషి అతను. చెంబు మళ్ళీ వంచాడు. "చెంగమ్మా, లే."

పొగ లేచింది. పొగలోంచి నలిగిన ఆకుపచ్చ పట్టుచీరలో చెంగమ్మ నిలబడింది. తూలి రాతిగద్దె పట్టుకుంది. మొగుడి వైపు చూసింది.

"నాలుగు నెలలు పట్టిందా నీకు?"

"పడవ దొరకలేదు. దొరికినవాడు దించి పారిపోయాడు."

"తలకిందులుగా వేలాడాను. జామపళ్ళు తిని తిని నోరు పాడైపోయింది. ఆ రక్తమేంటి?"

"నువ్వు కరిచిందే."

"ఇంకా గట్టిగా కరవాల్సింది."

అంతకుమించి మాట్లాడనివ్వలేదు. ధూమకర్ణుడు లేచాడు. "పొగలో చెయ్యి పెట్టి అబద్ధం చెప్పావు. మైలారూ, మత్స్యమై పో" అని చెంబు విసిరినట్టు వంచాడు. పొగ కమ్మింది. మాంత్రికుడు అలవాటుగానే వెనక్కి చూడలేదు. "దాన్ని తొట్టిలో వేసి మూత పెట్టు నూకమ్మా. ఈ దువ్వెనలమ్మితో నాకు పని లేదు, ఈదగలిగితే పొమ్మను. నాకు సువర్ణరేవులో లెక్క తేల్చుకునే పనుంది." ఈల వేశాడు. రాబందు దిగింది. చెంబు నడుముకు కట్టుకుని ఎక్కాడు. పడమటి ఎర్రదనంలో నల్లచుక్క అయ్యాడు.

రాతిని తొలిచి కట్టిన ఆ తొట్టి పక్కనే ఉంది. సముద్రం నుంచి ఒక తూము దాంట్లోకి తెరుచుకుంటుంది. నూకవ్వ పొగలో తడుముకుని ఆ పొడుగాటి ఒంటిని తొట్టిలోకి దొర్లించి, తూముకు చెక్కపలక దించి, వాలు మీదున్న రాతిపలకను గునపంతో తొట్టి మీదికి జార్చింది. కొసన మాత్రం చెయ్యి పట్టేంత సందు మిగిలింది. పోటు సమయం. తూము చెక్క సందుల్లోంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. అవి రాతిమూతకు తగులుతున్నాయి.

లోపల ఏదో మూతకు కొట్టుకుంటోంది. ఒకసారి. మళ్ళీ. మళ్ళీ.

"నా మొగుడు ఏమయ్యాడు?" అంది చెంగమ్మ.

"చేప అయ్యాడు తల్లీ. సుఖంగా ఈదుతున్నాడు."

చెంగమ్మ సందు దగ్గర బోర్లా పడుకుని చెయ్యి పెట్టింది. పొలుసు తగల్లేదు. నున్నటి తోలు, వెచ్చగా ఉంది. చేప వెచ్చగా ఉండదు. చెయ్యి వెనక్కి జరిపింది. తోక దొరికింది. చేప తోక కత్తి నిలబెట్టినట్టు నిటారుగా ఉంటుంది, ఇది విసనకర్ర పడుకోబెట్టినట్టుంది. రెండు కాళ్ళూ అతుక్కుని పాదాలు చెరోవైపు పరుచుకున్నాయి. చెయ్యి ముందుకు జరిపింది. నడినెత్తిన ఒక రంధ్రం. అది తెరుచుకుని మూసుకుంటోంది. గాలి కోసం.

ఆమె లేచి నూకవ్వ పక్కన పడేసిన గునపం అందుకుంది.

"నీళ్ళలో చేప చస్తుందా తల్లీ? దొర వస్తే నన్ను చంపుతాడు" అంది నూకవ్వ అడ్డంగా నిలబడి.

"చేప చావదు. ఈయన చేప కాదు, తిమింగలం జాతి. మనలాగే ఊపిరి పీల్చాలి. మూత కింద ఇంకో వంద లెక్కపెట్టేలోగా పోతాడు. తప్పుకో అవ్వా, నా చేతిలో ఇనుముంది."

నూకవ్వ తప్పుకుంది. చెంగమ్మ గునపం సందులో దూర్చి ఒళ్ళంతా వేసి నొక్కింది. రాతిపలక కదల్లేదు. చేతుల తోలు లేచింది. తూము దగ్గరికి పరిగెత్తింది. చెక్కపలక నానింది. మూడు పోట్లకు చీలింది, నాలుగో పోటుకు ఊడింది. వెనక్కి పోయే అలతో తొట్టి నీళ్ళు ఒక్కసారిగా సముద్రంలోకి దూకాయి. వాటితో పాటు నల్లటి ఒళ్ళు ఒకటి దొర్లుకుంటూ పోయింది. అవతల అలల మీదికి లేచింది. నెత్తిన రంధ్రంలోంచి ఉఫ్ అని గాలి, నీటి తుంపర లేచాయి.

చెంగమ్మ కాసేపు గునపం మీద వాలి నిలబడింది. తరవాత పట్టుచీర మోకాళ్ళ దాకా చింపి, పీలికతో గునపం వీపుకు కట్టుకుంది.

"ఎక్కడికి తల్లీ?"

"సువర్ణరేవుకు. ఈయన్ని మళ్ళీ మనిషిని చెయ్యాలంటే ఆ చెంబు కావాలి. అది వాడి నడుముకుంది. వాడు అక్కడికే పోయాడు."

"రాకుమారిని కాపాడతావా?"

"నన్ను మేడెక్కించినప్పుడు ఆ పిల్ల నేలమాళిగ గుమ్మం పక్కన నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. కాపాడను. చెంబు తెచ్చుకుంటాను."

తూము పక్కనుంచి సముద్రంలోకి దూకింది. నల్లటి ఒళ్ళు ఆమె కిందికి వచ్చి పైకి ఎత్తింది. ఆమె రెండు చేతులతో వీపు మీది రెక్కను పట్టుకుంది. "మునిగేముందు ఒకసారి తోక కొట్టు, నేను ఊపిరి పట్టుకుంటాను. కొట్టకుండా మునిగావంటే మనిషయ్యాక చెబుతాను నీ పని" అంది. తోక ఒకసారి నీళ్ళ మీద చరిచింది. ఇద్దరూ మునిగారు, తేలారు. ద్వీపం వెనక్కి జరిగింది. ముందు పగడపు గుట్టల మధ్య పడవ పట్టేంత సందు. దాన్ని దాటితే పెద్ద సముద్రం.

ఆ సందుకు అడ్డంగా నీళ్ళలోంచి బూడిదరంగు రెక్క ఒకటి లేచింది. దాని వెనక రెండు బారల దూరాన తోక కొస. మైలారు ఆగాడు. చెంగమ్మ కళ్ళలో ఉప్పునీళ్ళు తుడుచుకుని ఆ తోకనే చూసింది. అది పైకీ కిందికీ కొట్టడం లేదు. కుడికీ ఎడమకీ ఊగుతోంది, నిలబెట్టిన కత్తిలా.

"ఏమయ్యా, అది యువరాజు కాదు. నిజంగా చేపే. సొర" అని వీపు మీది గునపం విప్పింది.